సగటున నాలుగు పిలుపులు

"లిదియా, నా తువ్వాలెక్కడ?" అని మా ఆయన బాత్‌రూమ్‌లోంచి అరిచే సమయానికి నేను వంటింటి గోడకు తగిలించిన నల్లబల్ల ముందు నిలబడి "లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం..." అంటున్నాను. ఎదురుగా గట్టు మీద కందిపప్పు డబ్బా, దాని మీద మినప్పప్పు డబ్బా, దాని మీద కారం డబ్బా, దానికి ఆనించి సెల్‌ఫోన్. ఫోన్‌లో ఎర్రచుక్క వెలుగుతోంది. అంటే రికార్డవుతోంది. పొద్దున్న ఐదున్నర. "తలుపు వెనకాల మేకుకి!" అని అరిచి, అదే ఊపిరితో "మిగిలిన రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం" అని ముగించాను. కర్ణం మీది వర్గం తలుపు వెనకాల మేకుకి సమానం అని నోట్సులో రాసుకున్న పిల్లలు ముగ్గురున్నారని వారం తర్వాత తెలిసింది. వాళ్ల తప్పేం లేదు. టీచర్ చెప్పింది చెప్పినట్టే రాశారు.

అరకు నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. మా ఆయన ఐజాక్ ఇంకో స్కూల్లో సోషల్ టీచర్, పైగా మండలంలోని టీచర్లందరికీ శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్. పెళ్లయి పదమూడేళ్లు. మా అమ్మాయి సోఫియా విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు యేసురత్నం. ఇల్లు రైల్వే లైను పక్కనే. గనుల నుంచి ఖనిజం మోసుకుపోయే గూడ్సు బళ్లు వెళ్లినప్పుడల్లా గిన్నెలు వాటంతటవే కదులుతాయి. ఇంట్లో నేను చెప్పకుండా కదిలేవి అవొక్కటే.

ఆ ఏడు ఆగస్టులో ఐజాక్ విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణకి వెళ్లి, ఒక చేతిసంచీ, ఒక పెన్నూ, ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అనే మాటా తీసుకుని తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి ఇంట్లో అదే మాట. తర్వాత వారం మా స్కూల్లోనే టీచర్లకు శిక్షణ పెట్టారు. ఐజాక్ నల్లబల్ల మీద బొమ్మలు గీసి చూపిస్తూ, "దీన్ని తలకిందుల తరగతి అనుకోండి. ఇన్నాళ్లూ పాఠం బడిలో, హోంవర్క్ ఇంట్లో. ఇకనుంచి పాఠం ఇంట్లో, హోంవర్క్ బడిలో. టీచర్ పాఠాన్ని వీడియో తీసి ఇస్తారు. పిల్లలు ఇంటి దగ్గర చూసి వస్తారు. బడిలో టీచర్ ఉపన్యాసం ఉండదు. పిల్లలే లెక్కలు చేస్తారు, చర్చించుకుంటారు. టీచర్ పక్కన ఉంటే చాలు," అన్నాడు. నేను వెనక బెంచీలో కూర్చుని ఒళ్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటున్నాను. బస్సు దిగి ఇంటికెళ్లేసరికి ఆరున్నర అవుతుంది, అప్పుడు మొదలుపెడితే కూర తొమ్మిదింటికి గానీ అవ్వదు. అందుకని పదమూడేళ్లుగా నేను ఇంటి పని బడిలో, బడి పని ఇంట్లో చేస్తూనే ఉన్నాను. దీనికి ఇంగ్లీషులో ఒక పేరుందనీ, మూడు రోజుల శిక్షణ కూడా ఉంటుందనీ నాకు తెలియలేదు. "ముఖ్యమైన సూత్రం ఏమిటంటే," అని మా ఆయన గొంతు పెంచాడు, "అన్నీ చేతికి అందించకూడదు. అభ్యాసకుడు తనంతట తానే వెతుక్కోవాలి." నా చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది.

"ముందుగా ఎవరు మొదలుపెడతారు?" అని అడిగారు మా హెడ్మాస్టర్ సర్వేశ్వరరావు గారు. అందరూ ఫ్యాన్ వైపు చూశారు. కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం కూడా లేదు, అయినా అటే చూశారు. ఐజాక్ చిరునవ్వు నవ్వి, "మా లిదియా చేస్తుందండి," అన్నాడు. ఇంటికొచ్చాక, "చెప్పే ముందు ఒక్క మాట నన్ను అడగొచ్చుగా," అన్నాను. "నిన్ను అడిగేదేముంది, ఇంటి మనిషివి," అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉందనే అతని నమ్మకం. బయటి మనిషినైతే ఎంత బాగుండేది, ముందు అడిగేవాడు కదా అని నేను బియ్యం కడుగుతూ అనుకున్నాను.

వీడియోలు తీయడానికి హాలు కుదరదు, పొద్దున్నే అక్కడ ఐజాక్ ప్రార్థన చేసుకుని రిపోర్టులు రాసుకుంటాడు. పడగ్గదిలో వెలుతురుండదు. మిగిలింది వంటిల్లు. ఐదున్నరకీ ఆరుంబావుకీ మధ్య గూడ్సు బండి ఉండదు, టూరిస్టుల జీపులు అప్పటికింకా మొదలవవు, అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఆ నలభై ఐదు నిమిషాల్లో పది నిమిషాల పాఠం ఒకటి తీయాలి. మధ్యలో వచ్చే మాటల్ని కత్తిరించాలి కదా అంటే, "ఎడిటింగ్ నేను చూసుకుంటాలే. నువ్వు తీసి ఇవ్వు," అన్నాడు ఐజాక్. చూసుకున్నాడు. ప్రతి వీడియోకీ ముందు నీలంరంగు అట్టలాంటిది ఒకటి అతికించాడు. దాని మీద 'మార్గదర్శకత్వం: కె. ఐజాక్, మండల రిసోర్స్ పర్సన్' అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో 'సహకారం: శ్రీమతి లిదియా' అని ఉంటుంది. ఆ అట్ట వెనకాల ఏముందో అతను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదన్న సంగతి నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు.

మా పిల్లల ఊళ్లలో సిగ్నల్ ఉండదు. కొండ మీద ఒక రాయి ఉంటుంది, దానెక్కి చెయ్యి పైకెత్తితే ఒక గీత వస్తుంది. అందుకని వీడియోల్ని స్కూల్లోనే, పిల్లలకి ప్రభుత్వం ఇచ్చిన ట్యాబుల్లోకి ఎక్కించి, ఛార్జింగ్ పెట్టి, సాయంత్రం ఇళ్లకి పంపేదాన్ని. మొదటి వారం ఎవరూ ఏమీ చేయలేదు. వీడియో చూశారా అంటే చూశామంటారు, లెక్క చెయ్యమంటే నవ్వుతారు. రెండో వారంలో నిర్మల అనే అమ్మాయి తన గుంపుకి నా పాఠం తిరిగి చెప్పడం చూశాను. పదో తరగతి. కొండ మీది ఊరు. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. తొమ్మిదో తరగతి అంతా ఆ పిల్ల గొంతు నేను వినలేదు, హాజరు పిలిస్తే చెయ్యెత్తేది అంతే. ఇప్పుడు నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని, సగం తెలుగు, సగం వాళ్ల భాషలో త్రిభుజాల్ని నేల మీద చాక్‌పీసుతో గీసి చూపిస్తోంది. ఎలా వచ్చింది నీకు అంటే, "వీడియోలో అయితే మిమ్మల్ని ఆపొచ్చు టీచర్. నొక్కితే ఆగిపోతారు. మళ్లీ నొక్కితే మళ్లీ చెప్తారు. ఎన్నిసార్లు అడిగినా కోప్పడరు," అంది.

నేను ఆ రోజంతా ఆ మాట గురించే ఆలోచించాను. పదమూడేళ్లుగా నేను బోర్డు వైపు తిరిగి, గంట కొట్టేలోపు చాప్టర్ అవ్వాలని పరిగెత్తుకుంటూ చెప్పిన పాఠాల్లో, ఈ పిల్లకి ఒకసారి ఆపాలనిపించి ఉంటుంది. ఎలా ఆపుతుంది? ఇంట్లో నన్ను ఆపడానికి ఏ మీటా అక్కర్లేదు. ఎవరైనా గదిలోకి వస్తే చాలు, నా వాక్యం ఆగిపోతుంది. బడిలో మాత్రం నన్నెవరూ ఆపలేరన్న గర్వం ఉండేది, అది తప్పని ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాత తరగతిలో నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. నాకు అలవాటైన పనే, కాకపోతే మొదటిసారి నా ఇష్టంతో చేశాను. పిల్లలు పోట్లాడుకున్నారు, తప్పులు చేశారు, చెరిపేశారు, మళ్లీ చేశారు. యూనిట్ టెస్టులో అన్నేళ్లలో ఎప్పుడూ రానన్ని మార్కులొచ్చాయి. ఐజాక్ ఆ సంగతి తన రిపోర్టులో రాసుకున్నాడు. అంటే, అతను చెప్తే నేను రాశాను.

నవంబరులో వారపు సంతకి వెళ్లాను. అల్లం, పిప్పళ్లు, రాజ్మా గింజలు పరుచుకుని ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"టీచరమ్మా! మీ ఇంటాయనకి తువ్వాలు దొరికిందేటి?"

నాకు అర్థం కాలేదు. "ఏ తువ్వాలు?"

"అదేనమ్మా, మూడు గీతల లెక్క సెప్పినప్పుడు పోయింది గదా. నాను నిర్మల తల్లిని, సోములమ్మని. మా గుంట ట్యాబులో నువ్వు రోజూ ఒత్తావు. మా వాకిట్లో అందరం కూకుని సూత్తాం. పక్కూరోలు కూడా ఒత్తారు."

"లెక్కలు చూస్తారా?" అన్నాను.

"లెక్కలు నాకేటి తెల్దు. మొన్న నీ కుక్కరు నాలుగు కూతలేసినా నువ్వు దించనేదు. పప్పు మాడిపోతాదని నాను ఇక్కడ అడలిపోనాను. అప్పుడే మీ ఆయన కల్లజోడెక్కడని అడుగుతాడు. ఆయనకి కాల్లు నేవేటి, సేతులు నేవేటి?" ఆమె గొంతు తగ్గించి, చుట్టూ చూసి, "నీకు మా కంటే ఎక్కువ సదువుంది గదా. మరేటమ్మా ఇది?" అంది. నేను కొన్న రాజ్మాకి తోడు ఇంకో రెండు దోసిళ్లు సంచిలో పోసింది. వద్దంటే వినలేదు. "పాపం, తీసుకో," అంది.

జీపులో వస్తూ ఆ రాజ్మా సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎండలో పోడు చేసి, కొండ దిగి, బరువు మోసుకొచ్చి అమ్ముకునే మనిషి నన్ను చూసి జాలిపడింది. ఎం.ఎస్సీ. బి.ఎడ్. చేసిన నన్ను. కొండల మీద ఎన్ని వాకిళ్లలో జనం నా వంటింటిని చూస్తున్నారో! ఇంటికెళ్లగానే ఐజాక్‌తో, "మీరు ఆ వీడియోలు ఒకసారి పూర్తిగా చూడండి," అన్నాను. అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా, "చూశానులే, బాగున్నాయి," అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కాళ్లకున్న సంకెళ్లు ఊడిపోయినట్టు అనిపించింది. సరే, చూశానన్నాడు, బాగున్నాయన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. మర్నాటి నుంచి వీడియోల్లో అతని పిలుపులకి ఇంకొంచెం స్పష్టంగా జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

జనవరిలో సాంఖ్యక శాస్త్రం మొదలైంది. సగటు, మధ్యగతం, బాహుళకం. వీడియో చూసి వచ్చి, మీ చుట్టూ దొరికే వివరాలేవైనా పోగుచేసి పట్టిక వెయ్యండి అన్నాను. ఒక గుంపు కోళ్లు లెక్కపెట్టింది, ఇంకో గుంపు తమ ఊరి మీదుగా పోయే రైళ్లు. నిర్మల గుంపు చార్టు చుట్టి తెచ్చింది. విప్పమంటే నలుగురూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. చివరికి నిర్మలే విప్పింది. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'టీచర్ గారి పాఠాలలో వచ్చిన పిలుపులు' అని రాసి ఉంది. మొత్తం వీడియోలు ఇరవై. మొత్తం పిలుపులు ఎనభై. సగటు నాలుగు. కింద ఇంకో పట్టిక. 'ఎక్కడ' అని అడిగినవి ముప్పై ఏడు, టీ కోసం ఇరవై ఒకటి, ఊరికే పిలిచినవి పద్నాలుగు, మామ్మగారు పిలిచినవి ఎనిమిది.

"ఊరికే పిలిచినవి అంటే?" అని అడిగాను.

"సారు 'లిదియా' అంటారు. మీరు 'ఆఁ' అంటారు. సారు 'ఏం లేదు' అంటారు టీచర్."

"బాహుళకం?"

"ఎక్కువసార్లు వచ్చేది కదా టీచర్. 'ఎక్కడ' అన్న మాటే."

నేను చార్టు అటూ ఇటూ తిప్పి చూశాను. కూడికలు సరిగ్గా ఉన్నాయి. ఎర్ర పెన్ను తీసి పదికి పది వేశాను.

ఫిబ్రవరిలో పాడేరు నుంచి రమణి మేడమ్ వస్తున్నారన్నారు. జిల్లాలో బోధన ఎలా జరుగుతోందో చూసే అధికారి. మా తలకిందుల తరగతి బాగుందని విన్నారట. సర్వేశ్వరరావు గారు స్కూలుకి సున్నం వేయించారు. ఆ రోజు పొద్దున్నే నన్ను పిలిచి, "లిదియా గారూ, వచ్చినవాళ్లకి టీ, బిస్కెట్లు మీరు చూసుకోండి. పువ్వులు కూడా. పద్ధతి గురించి ఐజాక్ గారు మాట్లాడతారు," అన్నారు. ఐజాక్ కొత్త చొక్కా వేసుకున్నాడు. నేనే ఇస్త్రీ చేశాను. పిల్లలు, తల్లిదండ్రులు, చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు హాలు నిండా కూర్చున్నారు. మా అత్తగారు కూడా కొడుకు ఉపన్యాసం వినాలని తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఐజాక్ అరగంట మాట్లాడాడు. అభ్యాసకుడి స్వావలంబన గురించి చెప్తున్నప్పుడు నేను వెనకాల కప్పుల్లో టీ పోస్తున్నాను.

"వీడియో ఒకటి చూద్దాం," అన్నారు రమణి మేడమ్. ఐజాక్ మంచిది ఒకటి ఎంచబోయాడు గానీ, ఏది ఏదో తెలిస్తే కదా! "ఇది వేయండి, స్తూపం ఘనపరిమాణం," అని ఆవిడే పెద్ద తెర మీద వేలు పెట్టారు. అది ఆదివారం తీసింది. చర్చికి బయల్దేరే హడావుడిలో. పిల్లల పట్టికలో అన్నిటికంటే ఎక్కువ పిలుపులున్న వీడియో, పదకొండు.

నీలం అట్ట వచ్చింది. మార్గదర్శకత్వం, కె. ఐజాక్. చప్పట్లు కొట్టారు. తర్వాత నేను.

"పిల్లలూ, ఇప్పుడు స్తూపం అంటే ఏమిటో చూద్దాం. ఇదిగో ఈ చక్కెర డబ్బా..."

"లిదియా! చక్కెర డబ్బా ఎక్కడ?"

హాల్లో పిల్లలు ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఏమొస్తుందో వాళ్లకి తెలుసు.

"నా చేతిలో ఉంది. పాఠం చెప్తున్నాను."

"మరి టీలోకి?"

"ఆగండి. ...భూవైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే..."

"లిదియా!"

"ఆఁ?"

"ఏం లేదు."

సోములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఐజాక్ తెర ముందు నిలబడే ఉన్నాడు, చేతిలో మైకు. ఆపే మీట ఎక్కడుందో వెతుకుతున్నాడు. బెల్టు అడిగాడు, సాక్సులు అడిగాడు, బైబిలు అడిగాడు. ఒక సాక్సే దొరికిందన్నాడు. నేను జవాబులు చెప్తూనే ఉన్నాను, స్తూపం నింపుతూనే ఉన్నాను. రమణి మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు పదకొండోది వచ్చింది.

"లిదియా, ఆ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ రిపోర్టుకి ముగింపు రాసేశావా? రేపు పంపాలి. కిందటిసారిలాగా మరీ పొట్టిగా రాయకు."

"రాశాను. టేబుల్ మీదుంది. ...కాబట్టి పిల్లలూ, ఘనపరిమాణం పై ఆర్ స్క్వేర్ హెచ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సర్వేశ్వరరావు గారు తన బూట్లకేసి చూసుకున్నారు. అప్పుడు నిర్మల, ఎవరూ పిలవకుండానే, చార్టు చుట్ట పట్టుకుని లేచింది. ఆ నిశ్శబ్దాన్ని ఎలాగైనా పూడ్చాలనుకుందో, తన గుంపు పని చూపించడానికి ఇదే సమయం అనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. "మేడమ్, దీని మీద మేం పట్టిక వేశాం," అంది. గోడకి పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడింది. సగటు ఎలా కట్టారో, మధ్యగతం ఎలా తీశారో, ఒక్క పెద్ద సంఖ్య వల్ల సగటు ఎలా మారిపోతుందో. ఒక్కచోట కూడా తడబడలేదు. తొమ్మిదో తరగతి అంతా నోరు విప్పని పిల్ల.

రమణి మేడమ్ లేచి నా దగ్గరకొచ్చారు. నా చేతిలో కెటిల్ తీసి బల్ల మీద పెట్టారు. "ఇలాంటివి లెక్కల పాఠాలన్నిటికీ చేయాలి లిదియా గారూ. పాడేరులో ఒక గది ఇస్తాం, మనిషిని ఇస్తాం. రెండు నెలలు డిప్యుటేషన్ మీద రండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే ఉండాలి."

నేను నోరు తెరిచేలోపే ఐజాక్ మైకులోనే అన్నాడు. "ఆవిడకి కుదరదు మేడమ్. ఇల్లు, అమ్మ... నేనొస్తాను. స్క్రిప్టులు ఆవిడ రాసి పంపుతుంది."

"నేను ఆవిడని అడిగాను," అన్నారు రమణి మేడమ్.

"రేపు చెప్తానండి," అన్నాను. నాకే సిగ్గేసింది. హాలు నిండా పిల్లలు నా వైపే చూస్తున్నారు, వీడియో ఆపినప్పుడు చూసినట్టు.

ముగ్గురం జీపులో ఇంటికొచ్చాం. గుమ్మం దాటగానే ఐజాక్, "పరువు తీశావు కదే! అన్నీ తీసేయ్. ఒక్కటి కూడా ఉండకూడదు," అన్నాడు.

"పరీక్షలు నెలలో ఉన్నాయి. పిల్లలు వాటిల్లోంచే చదువుకుంటున్నారు."

"ముందే చెప్పొచ్చు కదా ఇలా ఉన్నాయని!"

"చెప్పాను. చూశాను, బాగున్నాయన్నారు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. వేరే గొంతుతో, "డెబ్బై రెండుసార్లు పిలిచానా? పెళ్లాన్ని పిలవడం కూడా తప్పేనా?" అన్నాడు. అతను నిజంగానే అడుగుతున్నాడు. అందుకే నేనూ నిజంగానే ఆలోచించాను. తప్పేం కాదు. ఆ పద్నాలుగు ఊరికే పిలుపుల్లో, ఇంట్లో నేనున్నానా లేదా అని చూసుకోవడం ఉండి ఉంటుంది, అది ప్రేమే కావచ్చు. కానీ ఆ ఇరవై వీడియోల్లో నేను అతన్ని ఎన్నిసార్లు పిలిచానని మనసులోనే లెక్కపెట్టుకున్నాను. కుక్కరు దించమని, తలుపు వెయ్యమని, ఫోన్ పడిపోతోంది పట్టుకోమని, కనీసం కాస్త నెమ్మదిగా మాట్లాడమని. ఒక్కసారి కూడా లేదు. నిర్మల పట్టికలో ఆ వరసే లేదు, ఎందుకంటే సున్నాకి గడి గీయాలని పిల్లలకి తోచదు. పిలిస్తే రాడని కాదు. పిలవొచ్చన్న ఆలోచనే నాకు పదమూడేళ్లలో రాలేదు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. నవ్వొచ్చింది.

"ఏటి నవ్వుతన్నావు?" అన్నారు మా అత్తగారు. అప్పటిదాకా ఆవిడ తెల్లచీర మార్చుకోకుండా మంచం మీద కూర్చునే ఉన్నారు.

"ఏం లేదత్తయ్యా."

"నా పిలుపులు ఎనిమిదే గదా? ఆ గుంట సదివినప్పుడు నాను ఇన్నాను." ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "ఎనిమిదే. ఈడివి డెబ్బై రెండు." ఆ అంకె చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో పరీక్ష పాసైనంత వెలుగు. "నువ్వు పాడేరు బేగి పో. రెండు నెలలేగదా."

"మరి ఇంట్లో?" అన్నాడు ఐజాక్. "నువ్వు చేస్తావా అమ్మా?"

"నానెందుకు సేత్తాను? నాను టైడా ఎలిపోతన్నాను, మా సెల్లెలింటికి. నువ్వు పిలిత్తే పలకడానికి ఇంట్లో నానొక్కదాన్నే ఉంటే, ఆ డెబ్బై రెండూ నా మీదే పడతాయి. నాకు మోకాళ్లు నేవు." ఆవిడ లేచి, ట్రంకుపెట్టె లాగి, నాలుగు చీరలు తీసి మంచం మీద పెట్టుకోవడం మొదలుపెట్టారు. "మీ నాన్న ఉన్నప్పుడు ఎవులూ లెక్కెట్టనేదు గాని, లెక్కెడితే ఆ సార్టు మన గోడకి సరిపోదురా."

ఐజాక్ ఆవిడ వైపు, నా వైపు, వంటింటి వైపు చూశాడు. నేను అతని ఎదురుగానే ఫోన్ తీసి రమణి మేడమ్‌కి ఫోన్ చేశాను. "కుదురుతుందండి," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు. అంతకంటే అక్కర్లేదు కూడా.

పదో తరగతి పరీక్షలు అయిన మరుసటి సోమవారం పాడేరు బస్సెక్కాను. అరకులో స్టాండు దగ్గర ఐజాక్ నా సంచీ బస్సులో పెట్టాడు, తర్వాత ఏం చెయ్యాలో తెలియక కిటికీ పక్కనే నిలబడ్డాడు. "రైస్ కుక్కర్‌కి నీళ్లు ఎంత?" అని అడిగాడు. "ఒకటికి రెండు," అన్నాను. బస్సు కదిలింది. ఘాటీలో మలుపులు, కాఫీ తోటల మీద తెల్లగా పూత. నా పక్కన కూర్చున్నావిడ నిద్రపోతోంది. దారి పొడుగునా నన్నెవరూ ఏమీ అడగలేదు. ఏదో మర్చిపోయానన్న అనుమానంతో సంచీ నాలుగుసార్లు వెతుక్కున్నాను.

గది చిన్నది. గోడలకి దుప్పట్లు కొట్టారు, బయటి శబ్దం రాకుండా. బల్ల ఉంది, మంచి వెలుతురుంది, కెమెరా ఒక కుర్రవాడి చేతిలో ఉంది. తలుపు వేశారు. "మొదలుపెట్టండి మేడమ్," అన్నాడతను. నేను చాక్‌పీసు పట్టుకుని, "వాస్తవ సంఖ్యలు అంటే..." అని ఆగాను. తర్వాతి ముక్క చెప్పి మళ్లీ ఆగాను. మూడోసారి ఆగినప్పుడు అతను కెమెరా దించాడు.

"మేడమ్, మధ్యమధ్యలో ఎందుకు ఆగుతున్నారు? మర్చిపోతున్నారా?"

"లేదు," అన్నాను. తలుపు వైపు చూశాను. గడియ లోపలి నుంచి వేసి ఉంది. "మొదటి నుంచి తీద్దాం," అని, బల్ల తుడిచి, వాస్తవ సంఖ్యలు అంటే ఏమిటో ఒకే ఒక్క వాక్యంలో, ఎక్కడా ఆగకుండా, చివరి దాకా చెప్పాను.